గేమ్ ఆఫ్ థ్రోన్స్: డబ్బుల్లేనప్పుడు తీసిన సీన్లే ఇంకా గుర్తున్నాయి

గేమ్ ఆఫ్ థ్రోన్స్ పేరెత్తితే చాలు, మనవాళ్ళలో సగంమంది డ్రాగన్ల గురించి మొదలెడతారు, మిగతా సగంమంది చివరి సీజన్‌ని తిట్టడం మొదలెడతారు. ఆ రెండూ అయిపోయాక ఇంక మాటలుండవు. నాకేమో ఈ సీరియల్‌లో అసలు సరుకు ఈ రెంటితో సంబంధం లేని చోట ఉందని ఎప్పట్నుంచో అనుమానం, ఈమధ్య మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకుని చూశాక ఆ అనుమానం కాస్తా ఖాయమైపోయింది. కథ ముందే తెలుసు కాబట్టి ఈసారి ఎవడు చస్తాడా అన్న టెన్షన్ లేదు, కెమెరా ఎక్కడ పెట్టాడు, ఎవరి మొహం మీద ఎంతసేపు ఉంచాడు, ఎక్కడ డబ్బులు మిగుల్చుకున్నాడు, ఇవే చూస్తూ కూర్చున్నా. స్పాయిలర్లు బోలెడుంటాయి. 2019లో అయిపోయిన దానికి ఇంకా స్పాయిలర్లేంటి అంటారేమో, అయినా ముందే చెప్పడం నా ధర్మం.

ముందు ఆ మూలపడేసిన పైలట్ సంగతి. 2009లో ఈ సీరియల్ తీసిన అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీవో వాళ్ళు టామ్ మెకార్తీ డైరెక్షన్‌లో మొదటి ఎపిసోడ్ ఒకటి తీయించారు. సీరియల్ నడిపించిన బెనియాఫ్, వైస్ ఇద్దరూ దాన్ని తెలిసిన రైటర్లకి వేసి చూపిస్తే, మొత్తం చూసినవాళ్ళకి దొంగచాటుగా కలుసుకునే జైమీ, రాణి సెర్సీ ఇద్దరూ కవల అక్కాతమ్ముళ్ళు అన్న ముక్కే ఎక్కలేదట. ఇంక ఏం మిగిలింది చెప్పండి, ఆ ఎపిసోడ్ ఆఖర్లో పదేళ్ళ పిల్లాణ్ణి కిటికీలోంచి కిందకి తోసేసేది ఆ రహస్యం బయటపడకూడదనే కదా, రహస్యమే తెలియనివాడికి అది ఎవడో ఒకడు పిల్లాణ్ణి తోశాడు అంతే. అందుకని టిమ్ వాన్ పాటెన్‌ని పెట్టి దాదాపు మొత్తం మళ్ళీ తీశారు, డ్రాగన్ల రాణి డెనేరిస్ వేషం టామ్‌జిన్ మర్చంట్ నుంచి ఎమీలియా క్లార్క్‌కి, స్టార్క్ కుటుంబంలో తల్లి కేట్లిన్ వేషం జెన్నిఫర్ ఈలీ నుంచి మిషెల్ ఫెయిర్లీకి మారింది, అలా 2011 ఏప్రిల్ 17న మొదలైంది. కోటలూ, గుర్రాలూ, బొచ్చు దుప్పట్లూ అన్నీ ఆ పాత పైలట్‌లో కూడా ఉన్నాయి, కానీ చూసేవాడికి ఏది తెలిసి తీరాలో అది తెలియలేదు. నేను ఈ పోస్టులో చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఒక గదిలో నలుగురున్నారంటే వాళ్ళలో ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలీదు, మనకి ఎంత తెలుసు. ఈ లెక్క సరిగ్గా కుదిరినన్నాళ్ళూ సీరియల్ ఆడింది, లెక్క తప్పిన రోజు నుంచీ జారింది.

ఇంకో విషయం, మొదటి సీజన్ ఎపిసోడ్లు కొన్ని ఎడిటింగ్ అయ్యాక చూస్తే నిడివి తక్కువొచ్చాయి. హెచ్‌బీవోకి కావాల్సినంత లేవు, కొత్తగా పెద్ద సీన్లు తీద్దామంటే డబ్బుల్లేవు. అప్పుడేం చేశారంటే ఉన్న సెట్టులోనే ఇద్దరు నటుల్ని కూచోబెట్టి మాట్లాడించే సీన్లు రాసుకున్నారు. ఖర్చు లేని పని. అలా పుట్టిందే అయిదో ఎపిసోడ్‌లో రాబర్ట్, సెర్సీ మాట్లాడుకునే సీను, ఈ సీరియల్‌కి మూలమైన నవల్లో ఇది లేనే లేదు. నన్నడిగితే మొత్తం 73 ఎపిసోడ్లలో మొదటి అయిదు సీన్లలో ఒకటి.

ఏముంటుంది అందులో? ఏమీ ఉండదు. రాజుగారు వైన్ తాగుతుంటాడు, రాణీగారు వస్తుంది, సముద్రం అవతల్నుంచి డోత్రాకీలు అనే గుర్రపు తెగవాళ్ళు దండెత్తి వస్తే ఏంటి పరిస్థితి అని రాజకీయం మాట్లాడుకుంటారు. రాబర్ట్ ఒక చెయ్యి అయిదు వేళ్ళూ చాపి చూపించి, రెండో చెయ్యి పిడికిలి బిగించి, ఏది పెద్ద నెంబరు అని అడుగుతాడు. అక్కణ్ణుంచి మెల్లగా వాళ్ళ పెళ్ళి మీదకి వస్తుంది మాట, ఇద్దరూ తమ పెళ్ళిని తల్చుకుని పగలబడి నవ్వుతారు, ఆ నవ్వే మనకి భయం వేస్తుంది. పదిహేడేళ్ళుగా అడగని మాట సెర్సీ అప్పుడు అడుగుతుంది, రాబర్ట్ ఒకప్పుడు ప్రేమించిన, ఆ చచ్చిపోయిన లియానా ఎలా ఉండేది అని. ఆఖర్లో మనిద్దరికీ ఎప్పుడైనా కుదిరే అవకాశం ఉండిందా అంటే లేదు అంటాడు. అది విని బాధేసిందా బాగనిపించిందా అని కూడా అడుగుతాడు, తనకేమీ అనిపించలేదని చెప్పి వెళ్ళిపోతుంది. మార్క్ ఆడీ, లీనా హెడీ ఇద్దరూ గొంతు ఒక్కసారీ పెంచరు. మనకి మొదటి ఎపిసోడ్ నుంచే తెలుసు సెర్సీ, జైమీల సంగతి, ఆవిడకి తెలుసు, ఆయనకి తెలీదు. ఆ ఒక్క ముక్క మనసులో పెట్టుకుని చూస్తే ఆ నవ్వు ఇంకో రకంగా వినిపిస్తుంది. మన సినిమాల్లో అయితే ఇక్కడ రీరికార్డింగ్ వాయించి వదిలేవాళ్ళు.

అదే సీజన్‌లో యుద్ధం ఎగ్గొట్టిన తీరు కూడా చూడండి. తొమ్మిదో ఎపిసోడ్‌లో సెర్సీ తమ్ముడు టిరియన్ యుద్ధానికి బయల్దేరతాడు, వెనక కొండజాతి వాళ్ళు ఆయుధాలెత్తి అరుస్తుంటారు, ఎలివేషన్ అంతా రెడీ, ఇంతలో సొంతవాళ్ళ సుత్తి దెబ్బే తలకి తగిలి పడిపోతాడు. లేచేసరికి యుద్ధం అయిపోయింది. నవల్లో మనిషి నిజంగానే కొట్లాడతాడు, కానీ ఇక్కడ వందలమంది జూనియర్ ఆర్టిస్టులకీ గుర్రాలకీ బడ్జెట్ ఎక్కడిది? లేదు కాబట్టి జోక్ చేసి తప్పించుకున్నారు, ఆ జోకు పీటర్ డింక్లేజ్‌కి అతికినట్టు సరిపోయింది కూడా. దానికి ముందు ఏడో ఎపిసోడ్‌లో సెర్సీ తండ్రి టైవిన్ లానిస్టర్ మొదటిసారి కనిపించడం ఇంకా గొప్ప. అంత పెద్ద సైన్యాధిపతిని గుర్రం మీద చూపించకుండా గుడారంలో నిలబెట్టి దుప్పిని ఒలిపించారు. చార్లెస్ డాన్స్ నిజం దుప్పి మీదే చేశాడు, కత్తి ఎలా పట్టాలో కసాయి దగ్గర నేర్చుకుని మరీ. చర్మం లాగుతూ, పేగులు బయటికి తీస్తూ, కొడుక్కి వంశం గురించి క్లాసు పీకుతుంటాడు, చేతులు మోచేతుల దాకా రక్తం. ఆ దుప్పి రాబర్ట్ వంశం గుర్తు అన్నది ఎవరూ పైకి చెప్పరు. కనిపెట్టినవాడికి కనిపెట్టినంత.

రెండో సీజన్ నాటికి మాత్రం యుద్ధం తప్పించుకునే వీల్లేదు, నగరం మీదకే ఓడలొస్తున్నాయి. బెనియాఫ్, వైస్ హెచ్‌బీవోని బతిమాలి అదనంగా డబ్బు తెచ్చుకున్నారు, తీయాల్సిన డైరెక్టర్ వెళ్ళిపోతే చివరి నిమిషంలో నీల్ మార్షల్‌ని తెచ్చారు, స్క్రిప్టేమో నవలలు రాసిన జార్జ్ ఆర్ ఆర్ మార్టినే రాశాడు. నార్తర్న్ ఐర్లండ్ చలిలో, వానలో, బురదలో రాత్రుళ్ళు తీసిన బ్లాక్‌వాటర్ ఎపిసోడ్ అది. ఆకుపచ్చ మంట లేచి ఓడలు పేలిపోయే షాట్ అందరికీ గుర్తుంటుంది, సరే. కానీ ఎపిసోడ్ లెక్కేసి చూస్తే బయట యుద్ధం ఎంత ఉందో కోట లోపల ఆడవాళ్ళ గది కూడా ఇంచుమించు అంత ముఖ్యంగా ఉంటుంది. సెర్సీ వైన్ మీద వైన్ తాగుతూ స్టార్క్‌ల అమ్మాయి సాన్సాని పక్కన కూచోబెట్టుకుని ఆడదానికి ఉన్న ఆయుధాలేంటో పాఠం చెప్తుంది, తలారి ఇలిన్ పేన్ ఓ మూల నిలబడి ఉంటాడు, వాడు మన కాపలాకి కాదమ్మా, ఊరు పడిపోతే మనల్ని చంపడానికి అని తాపీగా చెప్తుంది. బయట కత్తులు ఢీకొనే చప్పుడు కంటే ఈ గదిలో భయం ఎక్కువ. ఇక్కడ కూడా అదే లెక్క: ఆ గదిలో మిగతా ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టుకుంటున్నారు, తలారి ఎందుకున్నాడో తెలిసింది సెర్సీకి, సాన్సాకి, మనకి.

ఈ లెక్క పరాకాష్ఠకి వెళ్ళింది మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో, 2013 జూన్ 2న వచ్చిన రెడ్ వెడ్డింగ్, స్టార్క్‌లని పెళ్ళికి పిలిచి ఊచకోత కోసే ఎపిసోడ్. డైరెక్టర్ డేవిడ్ నట్టర్. దీని గురించి చాలామంది అబ్బో షాక్, షాక్ అంటారు కానీ షాక్ ఒక్కటే అయితే రెండోసారి చూడబుద్ధి కాదు. రెండోసారి చూస్తుంటే నాకు మరీ దారుణంగా అనిపించింది, ఎందుకంటే ఎంత ఓపిగ్గా అల్లాడో కనిపిస్తుంది. పెళ్ళికూతురు అందంగా ఉండేసరికి పెళ్ళికొడుకు, కేట్లిన్ తమ్ముడు ఎడ్మ్యూర్ మొహం వెలిగిపోవడం, జనం కేకలు పెడుతూ ఆ జంటని పడగ్గదికి మోసుకెళ్ళడం, కేట్లిన్ కొడుకు రాబ్, అతని భార్య పుట్టబోయే బిడ్డకి పేరు అనుకోవడం, అంతా పెళ్ళింటి సందడి. రాబ్ పక్షాన ఉన్న రూస్ బోల్టన్ మాత్రం వైన్ ముట్టుకోడు. అప్పుడు చిన్నగా ఒకడు వెళ్ళి తలుపు మూస్తాడు. కేట్లిన్ చూస్తుంది. పైన మేడ మీద వాయిద్యాల వాళ్ళు పాట మారుస్తారు, అది వాళ్ళ శత్రువులు లానిస్టర్ల పాట. కేట్లిన్ వింటుంది. కెమెరా ఇంక ఆవిణ్ణి వదలదు. హాలంతా నవ్వుతోంది, ఒక్క తల్లికి మాత్రం తెలుస్తోంది, ఆవిడతోపాటు మనకి. పక్కనున్న బోల్టన్ చొక్కా చెయ్యి పైకి లాగితే లోపల ఇనప గొలుసుల కవచం. వాడు చూసే చూపు... ఆ తర్వాత జరిగిందంతా ఎలాగూ జరిగేదే, అసలు సీను ఆ తలుపుకీ ఆ చొక్కా చేతికీ మధ్యలో అయిపోయింది. మిషెల్ ఫెయిర్లీకి ఆ ఏడాది ఎమ్మీ నామినేషన్ కూడా ఇవ్వకపోవడం ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు. చివర్లో పేర్లు పడేటప్పుడు మ్యూజిక్ లేదు, పూర్తి నిశ్శబ్దం. మా రూమ్‌లో ఒకడు స్పీకర్ పోయిందని వైరు కదిపాడు.

ప్రొడక్షన్ గురించి చెప్పకపోతే ఈ పోస్టు సగమే అవుతుంది. ఎక్కువ భాగం బెల్‌ఫాస్ట్‌లో తీశారు, ఒకప్పుడు ఓడల భాగాలకి రంగులేసే పెయింట్ హాల్ అనే పెద్ద షెడ్డులు ఉన్నాయి, టైటానిక్ కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ వాళ్ళ ప్రాంతం, అక్కడే స్టూడియో. ఆ మంచుగోడ, దాని కింద కాజిల్ బ్లాక్ కోట నిజానికి మాగెరమోర్న్ అనే పాత క్వారీలో వేసిన సెట్టు. గోడ పైభాగం అంతా గ్రాఫిక్సే అయినా కింద ఉన్న రాయి నిజం రాయి కాబట్టి కంటికి మోసం అనిపించదు. మంచు దేశం సీన్లకి చలికాలంలో ఐస్‌లండ్ వెళ్ళారు, అక్కడ ఆ నెలల్లో రోజుకి నాలుగైదు గంటలే వెలుతురు, అందుకే ఆ సీన్లన్నిట్లో సూర్యుడు ఎప్పుడూ అస్తమిస్తున్నట్టే ఉంటాడు, ఏ లైటింగ్ వాడికీ రాని నీలి రంగు. రాజధాని నగరం మొదటి సీజన్‌లో మాల్టా, రెండో సీజన్ నుంచి క్రొయేషియాలో డుబ్రోవ్నిక్. డెనేరిస్ పెళ్ళి సీనులో వెనక కనిపించే రాతి తోరణం, అజూర్ విండో అంటారు, అది 2017 మార్చిలో తుఫానుకి సముద్రంలో కూలిపోయింది, ఇప్పుడు చూడాలంటే ఆ ఎపిసోడే గతి. మొరాకో, స్పెయిన్ కూడా ఉన్నాయి, కథలో డోర్న్ అనే రాజ్యం రాజభవనం అంటే సెవిల్‌లో అల్కాజార్. లొకేషన్ అంత అందంగా ఉండి కథ అంత చెత్తగా ఉండటం డోర్న్‌కే చెల్లింది, దాని గురించి ఇంతకంటే రాయను.

బట్టలు చూసుకున్న మిషెల్ క్లాప్టన్ గురించి మాత్రం కాస్త రాయాలి. ఎందుకంటే డైలాగు చెప్పని విషయాలు చాలా ఆవిడ బట్టల్లో చెప్పించింది. మూడో సీజన్‌లో డెనేరిస్ వేసుకునే నీలం గౌను జాగ్రత్తగా చూడండి, భుజాల దగ్గర పాము పొలుసుల్లాంటి కుట్టు పని ఉంటుంది, ఎపిసోడ్లు గడిచేకొద్దీ ఆ పొలుసులు పెరుగుతూ వస్తాయి. అంటే డ్రాగన్లు పెరుగుతున్నాయి, ఆవిడా అటే మారుతోంది. ఆ కుట్టంతా చేత్తో చేసింది మిషెల్ కారగర్ అనే ఆవిడ. టీవీలో అది అర సెకను కనిపిస్తే గొప్ప, అయినా చేశారు. ఇంకో పక్క ఆ మంచుగోడని కాపలా కాసే నైట్స్ వాచ్ వాళ్ళు భుజాల మీద వేసుకునే ఆ బరువైన బొచ్చు దుప్పట్లు ఐకియా షాపులో కొన్న కార్పెట్లని కోసి, రంగు మార్చి, మాపి చేసినవని ఆవిడే చెప్పింది. డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మిగల్చాలో తెలియడం అంటే ఇదే. భాషకి కూడా అంతే శ్రద్ధ, డోత్రాకీ భాషని డేవిడ్ పీటర్సన్ అనే భాషావేత్త వ్యాకరణంతో సహా తయారుచేశాడు. మనకి బాహుబలిలో కాలకేయుల కిలికి భాష విన్నప్పుడు వచ్చిన ఒళ్ళు జలదరింపు గుర్తుందిగా, దాన్ని మదన్ కార్కి తయారుచేశాడు, ఇదీ అదే పని, కాకపోతే ఇక్కడ ఆ భాషలో ప్రేమించుకున్నారు కూడా.

సరే, డబ్బులొచ్చాక ఏమైంది. మొదటి సీజన్‌కి ఎపిసోడ్‌కి దాదాపు 60 లక్షల డాలర్లు, చివరి సీజన్‌కి కోటిన్నర డాలర్లు అని అప్పట్లో పత్రికలు రాశాయి. డబ్బు వచ్చినంత మాత్రాన పాడైపోయిందని నేననను. ఆరో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్, బ్యాటిల్ ఆఫ్ ద బాస్టర్డ్స్ ఉంది కదా, మిగెల్ సపోచ్నిక్ డైరెక్షన్, ఫేబియన్ వాగ్నర్ కెమెరా, 25 రోజుల షూటింగు, 500 మంది జూనియర్ ఆర్టిస్టులు, 70 గుర్రాలు. అందులో నాకు నచ్చిన ముక్క మళ్ళీ ఇబ్బంది వల్ల పుట్టిందే. వానకి గ్రౌండంతా బురదై షెడ్యూల్ వెనకబడింది, రాసుకున్నది రాసుకున్నట్టు తీసే టైం లేదు. సపోచ్నిక్ వైస్ వాళ్ళకి మెయిల్ పెట్టి ఇలా చేస్తా, దీనికి తక్కువ రోజులు చాలు అని అడిగి తీసిందే జాన్ స్నో జనం కాళ్ళ కింద పడి ఊపిరాడక నలిగిపోయే షాట్. వేలమంది యుద్ధాన్ని పక్కన పడేసి కెమెరా ఒక్క మొహం మీదకి వచ్చేస్తుంది, మట్టి, చేతులు, కాళ్ళు, శబ్దం మూసుకుపోయినట్టు అయిపోతుంది, పైనుంచి చిన్న వెలుతురు. అంత పెద్ద మైదానాన్ని మళ్ళీ ఒక ఇరుకు గది చేసేశాడు. కిట్ హారింగ్‌టన్ అందులో నటించాల్సిన పని పెద్దగా లేదనుకుంటా, నిజంగానే నలిగాడు.

కానీ అదే ఎపిసోడ్‌లో లెక్క తప్పడం కూడా మొదలైంది. వేల్ అనే ప్రాంతం నుంచి సాయానికి సైన్యం వస్తుందని సాన్సాకి తెలుసు, అన్న జాన్‌కి చెప్పదు. ముందురోజు రాత్రి గుడారంలో ఇద్దరూ యుద్ధం గురించే గొడవపడతారు, మనకి సైన్యం చాలదు అని ఆవిడే అంటుంది, సాయం కోసం ఉత్తరం రాసిన సంగతి మాత్రం నోరు విప్పదు. ఎందుకు చెప్పదు? కథలో కారణం లేదు, ఉన్న కారణం ఏంటంటే ఆఖర్లో గుర్రాలు అలా దూసుకొచ్చినప్పుడు మనం చప్పట్లు కొట్టాలి. నేనూ కొట్టాలెండి, ఆ షాట్ అలాంటిది. కానీ మొదటిసారి ఒక పాత్ర నోరు మూసుకుంది తన అవసరానికి కాదు, ప్రేక్షకుడి చప్పట్ల కోసం.

దాని తర్వాతి ఎపిసోడ్‌లోనే మళ్ళీ అసలు విద్య చూపించాడు అదే సపోచ్నిక్. సెర్సీ తన శత్రువులందర్నీ గుడితో సహా పేల్చేసే సీను. మొదటి నిమిషాల్లో ఎవరూ మాట్లాడరు, అందరూ బట్టలేసుకుంటూ ఉంటారు, సెర్సీ నల్ల తోలు గౌను, ఆవిడ కొడుకు, కుర్ర రాజు టామెన్ కిరీటం, గంటలు మోగుతుంటాయి. రామిన్ జవాదీ అప్పటిదాకా ఆ సీరియల్‌లో వాడని పియానోని మొదటిసారి ఇక్కడ తెచ్చాడు. ఆరు సీజన్ల నుంచి చెల్లో, డప్పులు వినీ వినీ ఉన్న చెవికి ఒంటరిగా పియానో మీట వినపడగానే ఏదో తేడాగా ఉందని అర్థమైపోతుంది, ఏంటో తెలీదు. గుడిలో అందరికంటే ముందు టామెన్ భార్య మార్జరీకి తెలుస్తుంది, విచారణకి రాకపోతే ఏమవుతుందో సెర్సీకి తెలుసు, అయినా రాలేదంటే ఏదో ఉంది అని. గుడి పెద్ద హై స్పారోకి చెప్తుంది, వాడు వినడు. నేలమాళిగలో హై స్పారో మనిషి లాన్సెల్, పేలుడు అంటించబోయే కొవ్వొత్తుల వైపు పాక్కుంటూ వెళ్తుంటాడు. మనకి తెలుసు, మార్జరీకి తెలుసు, తలుపు దగ్గర సైనికులు వదలరు. రెడ్ వెడ్డింగ్ లెక్కే ఇది, వందరెట్లు పెద్ద ఖర్చుతో.

ఆ పేలుడు తర్వాత ఒక షాట్ ఉంది, దాన్ని నేను ఆపి ఆపి చూశా. టామెన్ కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు, బయట దూరంగా పొగ. కెమెరా కదలదు. పిల్లాడు కిరీటం తీసి ఫ్రేమ్‌లోంచి పక్కకి వెళ్తాడు. ఖాళీ కిటికీ, పొగ, అంతే. కెమెరా ఇంకా కదలదు. తిరిగి వస్తాడు, తల మీద కిరీటం లేదు, గట్టు ఎక్కుతాడు, ముందుకి వాలిపోతాడు. కట్ లేదు, క్లోజప్ లేదు, పడుతున్నప్పుడు కింద నుంచి షాట్ లేదు. ఇదే సీను ఎవరికైనా ఇచ్చి చూడండి, నాలుగు కెమెరాలు, స్లో మోషన్, ఒక హమ్మింగ్ పెట్టకుండా ఉండలేరు.

ఏడో సీజన్ నుంచి పరిస్థితి పూర్తిగా తిరగబడింది. అప్పటికి నవలలు అయిపోయాయి, అయిదోది 2011లో వచ్చింది, ఆరోది రాలేదు, వీళ్ళ దగ్గర కథ చివర ఏమవుతుందో ఉంది గానీ అక్కడిదాకా నడిపించే మాటలు లేవు. స్టార్క్‌ల కోట వింటర్‌ఫెల్‌లో అక్కాచెల్లెళ్ళు సాన్సా, ఆర్యా కొట్టుకు చచ్చేలా పోట్లాడుకుంటారు, చచ్చినవాళ్ళ మొహాల సంచి పట్టుకుని ఆర్యా అక్కని బెదిరిస్తుంది, తీరా చివరి ఎపిసోడ్‌లో చూస్తే ఇద్దరూ కలిసిపోయి, వాళ్ళ మధ్య చిచ్చుపెట్టిన లిటిల్‌ఫింగర్‌ని పట్టించేస్తారు. మంచిదే, వాడు చావాల్సినవాడే. కానీ ఆ బెదిరింపు సీనులో గదిలో లిటిల్‌ఫింగర్ లేడు, వాళ్ళిద్దరే ఉన్నారు. ఎవరి కోసం ఆడారు ఆ నాటకం? మధ్యలో సాన్సా వెళ్ళి, జరిగినవన్నీ చూడగలిగే తమ్ముడు బ్రాన్‌ని అడిగే సీను ఒకటి తీసి కట్ చేశారని ఆ వేషం వేసిన ఐజాక్ హెంప్‌స్టెడ్ రైటే చెప్పాడు. అంటే మనకి తెలియాల్సింది తీశారు, తర్వాత మనల్ని ఆశ్చర్యపరచాలని తీసేశారు. మొదటి పైలట్‌లో పొరపాటున చేసింది ఇక్కడ కావాలని చేశారు. పాత రోజుల్లో అయితే అక్కాచెల్లెళ్ళకి తెలిసిపోయిందని ముందే మనకి చూపించి, ఏమీ తెలియని లిటిల్‌ఫింగర్ ఆ హాల్లోకి నవ్వుకుంటూ నడిచి రావడం చూపించేవాళ్ళు. ఏది బావుంటుందో మీరే చెప్పండి.

చచ్చి లేచిన శవాల సైన్యంతో యుద్ధం జరిగే లాంగ్ నైట్ ఎపిసోడ్ సంగతి సరేసరి. 2019 ఏప్రిల్ 28న అమెరికాలో రాత్రి వేస్తే మనకి సోమవారం పొద్దున ఆరున్నర, ఆఫీసు క్యాబు తప్పించుకుని చూసినవాళ్ళు ఎంతమందో. 82 నిమిషాలు, 55 రాత్రుళ్ళు తీశారు, స్క్రీన్ మీదేమో చీకటి. కెమెరామెన్ వాగ్నర్ మీ టీవీ సెట్టింగులు సరిచేసుకోండి అన్నాడు, కొంత నిజమే, చీకటి సీను నెట్‌లో కుదించి వచ్చేసరికి నలుపంతా గళ్ళు గళ్ళుగా విడిపోతుంది, ఎడిటింగ్ రూమ్‌లో మంచి మానిటర్ మీద చూసినవాడికి అది తెలీదు. కానీ అందరూ తిట్టే ఆ చీకట్లోనే గొప్ప షాట్ ఒకటుంది. డోత్రాకీలు నిప్పంటించిన కత్తులతో గుంపుగా వెళ్తారు, గోడ మీంచి చూస్తున్నవాళ్ళతో పాటు మనకీ దూరంగా ఆ దీపాల వరసే కనిపిస్తుంది, ఒక్కొక్కటే ఆరిపోతూ వస్తుంది. శవాలు లేవు, రక్తం లేదు, అవతల ఏముందో చూపించనే లేదు. లైబ్రరీలో ఆర్యా చప్పుడు చేయకుండా దాక్కునే భాగం కూడా పాత పద్ధతే. ఆఖర్లో మాత్రం ఆర్యా ఆ శవాల సైన్యం రాజు మీదకి ఎక్కణ్ణుంచో గాల్లోంచి దూకుతుంది. ఎలా వచ్చింది, అంతమంది మధ్యలోంచి ఏ దారిన వచ్చింది, మనకి ఒక్క షాట్ లేదు. ఎవరి కంటా పడకుండా నడవడం నేర్చుకోడానికి ఆ పిల్ల బ్రావోస్ అనే ఊళ్ళో రెండు సీజన్లు తన్నులు తింది కదా, ఆ విద్య అక్కరకొచ్చిన రోజే చూపించలేదు. ఆ ఎపిసోడ్‌లో నాకు అసలు కోపం వెలుతురు మీద కాదు, దీని మీద.

ఇంక డెనేరిస్. చివర్లో ఆవిడ రాజధాని నగరాన్ని తగలబెట్టడం హఠాత్తుగా వచ్చిందనే వాదనతో నేను ఒప్పుకోను. మొదటి సీజన్‌లో సొంత అన్న నెత్తిన మరిగే బంగారం పోస్తుంటే కళ్ళు తిప్పకుండా చూసిన మనిషి, మీరీన్ నగరంలో 163 మంది బానిసల యజమానుల్ని శిలువ వేయించిన మనిషి. అప్పుడు మనం ఈలలు వేశాం, ఎందుకంటే చచ్చేది చెడ్డవాళ్ళు. ఆ ఈలలకి బిల్లు చివర్లో వేద్దామనుకున్నారు, ఆలోచన మంచిదే. పాడైంది తీయడంలో. గంటలు మోగుతాయి, నగరం లొంగిపోయింది, డ్రాగన్ మీద ఎమీలియా క్లార్క్ మొహం క్లోజప్‌లో కొన్ని సెకన్లు, పాపం ఆ కొన్ని సెకన్లలో ఆవిడ చేయగలిగిందంతా చేసింది. తర్వాత డ్రాగన్ లేస్తుంది, ఆ ఎపిసోడ్ అయ్యేదాకా ఇంక ఆవిడ మొహం చూపించరు. కెమెరా మొత్తం నేల మీద జనంతో ఉండిపోతుంది. జనం వైపు నుంచి చూస్తే అది సరైన నిర్ణయమే, పైనుంచి నిప్పు కురిపించేవాడి మొహం కిందవాడికి కనపడదు, సపోచ్నిక్ ఉద్దేశం అదే అయ్యుండొచ్చు. కానీ ఎనిమిదేళ్ళు మొహాల మీద నడిచిన సీరియల్, తన ముఖ్యమైన పాత్ర జీవితంలో ముఖ్యమైన గంటలో ఆ మొహాన్ని వదిలేసింది. మధ్యలో ఒక్కసారి పైకి వెళ్ళి ఆవిడ ఏడుస్తోందో, నవ్వుతోందో, ఏమీ లేదో చూపిస్తే సగం గొడవ ఉండేది కాదు. మళ్ళీ తీయండి అంటూ పిటిషన్ మీద 15 లక్షల పైన సంతకాలు పడ్డాయి, నేను చేయలేదు, కానీ చేసినవాళ్ళ బాధ అర్థమవుతుంది.

2022లో దీనికి ముందు కథగా వచ్చిన హౌస్ ఆఫ్ ది డ్రాగన్ చూసినప్పుడు హెచ్‌బీవో వాళ్ళకి ఈ సంగతి మళ్ళీ గుర్తొచ్చిందనిపించింది, కనీసం మొదటి సీజన్‌లో. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒళ్ళంతా కుళ్ళిపోయిన రాజు విసేరిస్ మంచం మీంచి లేచి సింహాసనం దాకా నడిచే సీను, పాడీ కాన్సిడైన్ చేశాడు. ఎవరూ సాయం పట్టొద్దంటాడు, ఒక్కో అడుగూ వేస్తుంటే హాలంతా చూస్తుంటుంది. కిరీటం జారి కింద పడుతుంది, తమ్ముడు డీమన్ తీసి అన్న నెత్తిన పెడతాడు. ఆ కిరీటం పడటం స్క్రిప్టులో లేదు, షూటింగులో నిజంగానే జారిపోతే మాట్ స్మిత్ తీసి పెట్టాడు, డైరెక్టర్ గీతా పటేల్ అలాగే ఉంచేసింది. అదే సీజన్‌లో డ్రాగన్ సీన్లకి ఎంత ఖర్చయిందో గానీ నాకు వాటిలో సగం గుర్తులేవు.

కొత్తగా చూడబోయేవాళ్ళకి రెండు మాటలు. ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని పెట్టకండి, మొదటి ఎపిసోడ్ పదో నిమిషం దాటాక మీ రిమోట్ మీకు దొరకదు. ఫోన్లో అస్సలు చూడొద్దు. మొదటి నాలుగు ఎపిసోడ్లలో పేర్లు కలగాపులగం అయిపోతాయి, ఫర్వాలేదు, పేర్లు వదిలేసి ఎవరు ఎవరితో మాట్లాడుతూ ఏది దాస్తున్నారో పట్టుకోండి, అయిదో ఎపిసోడ్ రాబర్ట్, సెర్సీ సీనుకి వచ్చేసరికి మీకే తెలుస్తుంది ఇది మీకు పడుతుందో లేదో. పడకపోతే అక్కడితో ఆపేయండి, డ్రాగన్లు పెద్దయ్యేదాకా ఆగుదాం అనుకుంటే మాత్రం చాలా సీజన్లు ఆగాలి.